పనికి పంపిన పిల్లలు వట్టి చేతులతో తిరిగొస్తున్నారు, ఏం చెయ్యాలి?

ఎలక్ట్రికల్_మేడమ్:
అందరికీ నమస్తే. నేను వొకేషనల్ స్కూల్లో ఎలక్ట్రికల్ చెప్తాను, పదకొండేళ్లయింది. మా రెండో సంవత్సరం పిల్లల్ని ఆరు వారాలు బయట పనికి పంపిస్తాం, ప్యానెల్ బోర్డులు తయారుచేసేచోటికి, మోటార్లు రిపేరు చేసేచోటికి, పెద్ద బిల్డింగుల మెయింటెనెన్స్ వాళ్ల దగ్గరికి. కాగితాల మీద అంతా పక్కాగా ఉంటుంది, హాజరు పట్టీ ఉంటుంది, సంతకం ఉంటుంది, స్టాంపు ఉంటుంది, చివర్లో సర్టిఫికెట్టూ వస్తుంది. పోయినసారి ఒక అబ్బాయి తిరిగొచ్చాక ఊరికే అడిగాను, ఈ ఆరు వారాల్లో నీ చేత్తో నువ్వు చేసిన పని ఒక్కటి చెప్పు నాన్నా అని. చాలాసేపు ఆలోచించి "టార్చి పట్టుకున్నాను మేడమ్" అన్నాడు.

ఆ అబ్బాయి ల్యాబ్‌లో పెద్ద మోటార్లని స్టార్ట్ చేసే స్టార్-డెల్టా స్టార్టర్ కంట్రోల్ సర్క్యూట్ బొమ్మ చూడకుండా వైరింగ్ చేసేవాడు. అలాంటివాడు ఆరు వారాలు ఎవరికో వెలుగు చూపించి వచ్చాడు. పైగా ఇప్పుడు "ఈ లైన్ నాకొద్దు మేడమ్, వేరేది చూసుకుంటా" అంటున్నాడు. నిజంగా ఆ పని చేసి, నచ్చక వద్దంటే నాకేం బాధ లేదు, కానీ వాడు ఆ పని చెయ్యనే లేదు కదా, చెయ్యని పని గురించి నిర్ణయం తీసేసుకున్నాడు. అది నన్ను నిద్రపోనివ్వట్లేదు.

ఈసారి 24 మందిని పంపాలి, ఇంకా రెండు నెలల టైముంది. పని నేర్పేవాళ్లు, ఇలా వెళ్లొచ్చినవాళ్లు, తల్లిదండ్రులు, కౌన్సెలింగ్ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, పంపకముందు ఏం చెయ్యాలి, పంపాక ఏం చెయ్యాలి, తిరిగొచ్చాక ఏం మాట్లాడాలి. ఎంత పొడుగ్గా రాసినా చదువుతాను.

లేత్_మాస్టారు:
మేడమ్, మా వైపు సంగతి కూడా ఒకసారి వినండి. నేను మెషిన్ షాప్‌లో సూపర్‌వైజర్ని, 26 ఏళ్లుగా ఇదే పని. సోమవారం పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర ఒక పిల్లాడు ఫైలు పట్టుకుని నిలబడి ఉంటాడు. వాడొస్తున్నట్టు ఆఫీసువాళ్లకి తెలుసు, నాకు తెలీదు. నాకేమో ఆ రోజు డెలివరీ ఉంటుంది, ఒక మెషిన్ ఆగిపోయి ఉంటుంది, వాడిని చూడగానే నా నోట్లోంచి వచ్చే మాట "ఆ మూల నిలబడి చూస్తుండు". అది కోపంతో కాదు, ఏం చెప్పాలో తెలీక. వాడికి ఏం వచ్చో తెలీదు, ఏం నేర్పాలో తెలీదు, మెషిన్ ముట్టుకోనిస్తే వేలు పోతుందేమోనని భయం. మీ అబ్బాయి టార్చి పట్టుకున్నాడంటే అక్కడా ఇదే జరిగుంటుంది.

మా దగ్గర మారింది ఎప్పుడంటే, ఒక టీచరు గారు పిల్లల్ని పంపడానికి పదిహేను రోజుల ముందు తనే వచ్చారు. ఆఫీసుకి కాదు, షాప్ ఫ్లోర్‌కి. గంటసేపు నాతో నిలబడి, పిల్లలకి ఏమేం వచ్చో చెప్పి, "మొదటి వారం వీళ్లు మీకు అడ్డం రాకుండా చెయ్యగలిగే పని ఏదైనా ఉందా, అది వాళ్లకి నేర్పేదిగా కూడా ఉండాలి" అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఆలోచిస్తే ఉంది. రోజంతా మెషిన్ మీద నుంచి దిగే పీసులు ఉంటాయి, వాటిని మైక్రోమీటర్‌తో కొలిచి, టైము వేసి, రాయాలి. మా వాళ్లకి అది విసుగు, పిల్లలకి అదే బడి.

ఒకమ్మాయిని అలా కూర్చోబెట్టాను. 25 మిల్లీమీటర్ల షాఫ్ట్, అటు ఇటు 0.05 దాకా ఓకే. మొదటి రోజు రాట్చెట్ (మైక్రోమీటర్ చివర, సరిపడా బిగువు రాగానే జారిపోయే చిన్న పిడి) వాడకుండా మైక్రోమీటర్‌ని గట్టిగా బిగించేసేది, ఒకే పీసుకి మూడుసార్లు మూడు రీడింగులు. రాట్చెట్ టిక్‌టిక్‌మనేదాకా తిప్పి ఆపమని చూపించాను. మూడో రోజు సాయంత్రం కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది, "మాస్టారూ, పొద్దున పీసులు 24.98 ఉన్నాయి, మధ్యాహ్నానికి 25.01, ఇప్పుడు 25.03, అన్నీ ఓకేనే కానీ పెరుగుతూ వస్తున్నాయి, ఎందుకు" అంది. టూల్ అరుగుతోంది తల్లీ, అరిగినకొద్దీ తక్కువ కోస్తుంది, పీసు లావవుతుంది అని టూల్ విప్పి అంచు చూపించాను. ఇంకాసేపు చూడకపోతే ఆ బ్యాచ్ మొత్తం లిమిట్ దాటిపోయేది. ఆ పిల్లకి ఆ నిమిషంలో అర్థమైంది ఈ పని అంటే ఏంటో, నేను పుస్తకం చదివి చెప్తే ఏడాదికి కూడా అర్థమయ్యేది కాదు.

ఇంకో మాట, ఆమె పని బాధ్యత మా షాప్‌లో ఒకే మనిషికి అప్పజెప్పాను, పేరు పెట్టి. "అందరూ కాస్త చూసుకోండి" అంటే ఎవరూ చూసుకోరు.

కొత్త_వెల్డర్:
మేడమ్ నేను నాలుగేళ్ల కింద వొకేషనల్‌లో చదివా, ఇప్పుడు ఫ్యాబ్రికేషన్‌లో చేస్తున్నా. నన్ను రెండు చోట్లకి పంపారు. మొదటిచోట మూడు వారాలు స్లాగ్ కొట్టించారు, అంటే వాళ్లు వెల్డింగ్ చేస్తే నేను చిప్పింగ్ హామర్ పట్టుకుని పైన పెంకు కొట్టి బ్రష్ చెయ్యడం, అంతే. ఇంటికెళ్లి ఏం చెప్పాలో తెలిసేది కాదు. రెండోచోట కూడా మొదటి వారం అదే పని ఇచ్చారు, నిజంగా అదే పని, కానీ అక్కడ ఒక పెద్దాయన ఉండేవాడు, ప్రతి జాయింట్ దగ్గరా ఆగి "ఇక్కడ పెంకు ఈజీగా ఊడింది, అక్కడ అతుక్కుపోయింది, ఎందుకంటావ్" అని అడిగేవాడు. నేను తెలీదన్నాననుకోండి, రేపు చెప్పు అనేవాడు. రాత్రంతా ఆలోచించేవాణ్ణి.

తర్వాత నాకు స్క్రాప్ ప్లేట్ ఇచ్చి వెయ్యమన్నాడు. నాకేమో పైకి చాలా అందంగా వచ్చిందనిపించింది, ఫోటో కూడా తీసుకున్నా. ఆయన ఏమీ అనకుండా దాన్ని అడ్డంగా కోసి లోపల చూపించాడు, మధ్యలో నల్లగా స్లాగ్ ఇరుక్కుని ఉంది, ముందు వేసిన పాస్, అంటే వెల్డింగ్ పొర, సరిగ్గా శుభ్రం చెయ్యకుండా దాని మీదే ఇంకోటి వేశాను. "నువ్వు వారం రోజులు కొట్టింది దీని కోసమే" అన్నాడు. ఆ ముక్క ఇప్పటికీ నా టూల్‌బాక్స్‌లో ఉంది.

అంటే నేను చెప్పేదేంటంటే చిన్న పని ఇవ్వడం తప్పు కాదు మేడమ్, ఎందుకు చేస్తున్నామో చెప్పకపోవడం తప్పు.

ఒక_అమ్మ:
నేను టీచర్ని కాదు, మా అమ్మాయి హెల్త్ కేర్ అసిస్టెంట్ కోర్సులో ఉంది, అందుకే చదువుతున్నా. మా ఇంట్లో సంగతి వేరు. అమ్మాయి వార్డుకి వెళ్లిన రెండో రోజే ఏడుస్తూ వచ్చింది, ఒక పెద్దావిడ నొప్పితో మూలుగుతూ చెయ్యి పట్టుకుందట, ఏం చెయ్యాలో తెలీక అలా నిలబడిపోయిందట, ఇంక నేను వెళ్లనమ్మా అంటోంది. ఇంకోవైపు చుట్టాలు, "మార్కులు తక్కువొచ్చినవాళ్లని వేసే కోర్సులో వేశారు, ఇంక పై చదువులు ఉండవు" అని ప్రతి ఫంక్షన్‌లోనూ అంటారు. నా మనసులో కూడా ఆ భయం ఉంది, అబద్ధం ఎందుకు. పదహారేళ్లకే దాన్ని ఒక గాడిలో పడేశానా అని. కోర్సు మాన్పించెయ్యాలా, కొన్నాళ్లు ఆగాలా?

వార్డ్_సిస్టర్:
అక్కా, ముందు మీ అమ్మాయికి నా తరఫున చెప్పండి, ఆ రోజు ఏడవడం ఈ పనికి పనికిరానితనం కాదు. నేను 18 ఏళ్లుగా వార్డులో ఉన్నాను, కొత్తగా వచ్చిన పిల్లల్లో చాలామంది మొదటి వారం ఏడ్చినవాళ్లే. నేను గమనించేది ఏడ్చారా లేదా అని కాదు, మర్నాడు ఆ పేషెంట్ ఎలా ఉన్నారని అడుగుతారా లేదా అని.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆ పిల్లని రెండో రోజే ఒంటరిగా మంచం పక్కన వదిలేశారు. మా దగ్గర మొదటి రోజుల్లో పిల్లలు ఎప్పుడూ ఒక సిస్టర్ వెనకాలే ఉంటారు, సాయంత్రం వెళ్లే ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి "ఈ రోజు నిన్ను బాధపెట్టింది ఏంటి" అని అడుగుతాం. చెయ్యి పట్టుకున్నప్పుడు ఏం చెయ్యాలి అనేది కూడా నేర్పాల్సిన పనే అక్కా, ఆ చెయ్యి విడిపించుకోకుండా, "నేనిక్కడే ఉన్నాను, సిస్టర్‌ని పిలుస్తాను" అని చెప్పి బెల్ నొక్కాలి. అంతే. ఎవరూ చెప్పకపోతే ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది.

చిన్న పనుల్లో ఎంత ఉందో చెప్తాను. శ్వాస లెక్కపెట్టడం అందరూ తేలికనుకుంటారు. కానీ "మీ శ్వాస లెక్కపెడుతున్నాను" అని పేషెంటుకి చెప్తే తెలియకుండానే వాళ్లు శ్వాస మార్చేస్తారు, అందుకే నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, ఛాతీ కదలికని నిమిషం పాటు లెక్కపెట్టమంటాం. బీపీ కఫ్ చేతికి చిన్నదైతే రీడింగు ఎక్కువ చూపిస్తుంది. ఈ రెండూ తెలిసిన పిల్ల వార్డులో నాకు నిజంగా సాయం. ఇంకో రెండు వారాలు చూడండక్కా, కానీ మీరు గానీ టీచరు గానీ ఒకసారి అక్కడికి వెళ్లి, పిల్లని ఒక సిస్టర్‌కి అప్పజెప్పమని అడగండి. తర్వాత కూడా వద్దంటే అప్పుడు వద్దు, ఆ వద్దనే మాటకి విలువుంటుంది.

కౌన్సెలింగ్_డైరీ:
నేను స్కూలు పిల్లలకి కెరీర్ గైడెన్స్ చేస్తాను. ఒక_అమ్మ గారి రెండో ప్రశ్న, పై చదువుల దారి మూసుకుపోతుందా అనేది, చాలా ముఖ్యం, దాన్ని దాటెయ్యకూడదు. దారి ఉందా లేదా అనేది దేశాన్ని బట్టి, బోర్డుని బట్టి ఉంటుంది, అందుకని చేర్చేముందే, లేదా ఇప్పుడైనా, స్కూలుని కాగితం మీద చూపించమని అడగండి, ఈ కోర్సు తర్వాత ఏ డిప్లొమాలో చేరొచ్చు, ఏ డిగ్రీలో చేరొచ్చు, మధ్యలో లోటు పూడ్చే బ్రిడ్జ్ కోర్సు కావాలా అని. స్విట్జర్లాండ్‌లో స్కూలు అయ్యాక మూడింట రెండొంతుల మంది పిల్లలు వృత్తి విద్యలోకే వెళ్తారు, తెలివి తక్కువై కాదు, అక్కడ అది మామూలు దారి. దాంట్లోంచే వొకేషనల్ బాకలోరియా అనే పరీక్ష రాసి అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలకి వెళ్లొచ్చు. అంటే చిన్నచూపు కోర్సులో ఉండదు, ముందుకెళ్లే మెట్టు కట్టారా లేదా అన్నదాంట్లో ఉంటుంది.

మేడమ్ గారి విషయానికొస్తే, గైడెన్స్ అనగానే మా వాళ్లు చాలామంది ఒక టెస్టు పెట్టి రిపోర్టు చేతికిస్తారు. జాన్ హాలండ్ 1959లో మొదలుపెట్టిన సిద్ధాంతం ఒకటుంది, మనుషుల ఆసక్తుల్ని ఆరు రకాలుగా చూస్తుంది, ఇప్పటి టెస్టుల్లో చాలా దాని మీద కట్టినవే. నేనూ వాడతాను, మాట మొదలుపెట్టడానికి బాగుంటుంది. కానీ చేతిపని ఇష్టం అని టెస్టు చెప్పినంత మాత్రాన ఎనిమిది గంటలు నిలబడి చెయ్యడం, నూనె వాసన, శబ్దం, ఒకే పని వందసార్లు, ఇవన్నీ ఇష్టమో కాదో టెస్టు చెప్పదు. అందుకే స్విట్జర్లాండ్‌లోనే కొన్ని రోజులు పనిచోటికి వెళ్లి చూసే పద్ధతి పెట్టుకున్నారు, దాని పేరుకి అర్థం "వాసన చూడటం". ఆరు వారాలకి పంపేముందు ఒక్క రోజో రెండు రోజులో అలా వాసన చూడనివ్వండి మేడమ్, చోటు మార్చాలంటే అప్పుడే మార్చొచ్చు.

వెళ్లినప్పుడు పిల్లలు అక్కడివాళ్లని "మీ ఉద్యోగం ఎలా ఉంటుంది" అని అడిగితే "బాగుంటుంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. "నిన్న పొద్దున వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా ఏమేం చేశారు" అని అడగమనండి. "ఈ పనిలో మీకు చిరాకు తెప్పించేది ఏంటి", "కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పేంటి". ఈ మూడు చాలు, గంట మాట్లాడతారు.

హక్కుల_గొంతు:
అందరూ నేర్పడం గురించి మాట్లాడుతున్నారు బాగుంది కానీ అసలు విషయం ఎవరూ ఎత్తట్లేదు. పదహారు పదిహేడేళ్ల పిల్లల్ని "నేర్చుకోవడం" పేరుతో పంపి ఉచిత చాకిరీ చేయించుకోవడమే చాలాచోట్ల జరుగుతోంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం చదవండి. కనీస వయసు రూల్స్ నుంచి చదువులో భాగంగా చేసే పనికి మినహాయింపు ఇచ్చారు, సంస్థల్లో అయితే 14 ఏళ్లు నిండినవాళ్లకి, కానీ ఆ పని కోర్సులో భాగమైనదై ఉండాలి. టార్చి పట్టుకోవడం ఏ సిలబస్‌లో ఉంది? సిలబస్‌లో లేని పని రోజూ చేయిస్తుంటే అది చదువు కాదు, ఉచిత చాకిరీ. ఇక ప్రమాదకరమైన పనికి మామూలుగా 18 ఏళ్లు నిండాలి. పిల్లల్ని పంపేముందు ఆ చోట ఏ మెషిన్ ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అని రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు.

లేత్_మాస్టారు:
@హక్కుల_గొంతు, మీరన్నదాంట్లో నిజం ఉంది, కాదనను, కానీ అందరినీ ఒకే గాటన కట్టొద్దు బాబూ. మొదటి రెండు వారాలు పిల్లాడి వల్ల మాకు పని జరగదు, మా పని కూడా ఆగుతుంది, వాడి పక్కన నిలబడ్డ మనిషి టైము పోతుంది. ఆ తర్వాతే వాడు మాకు ఉపయోగపడటం మొదలవుతుంది. సేఫ్టీ గురించి మాత్రం నూటికి నూరు పాళ్లు మీతోనే ఉన్నాను. మా దగ్గర మొదటి రోజు మొదటి గంట అదే, తిరిగే మెషిన్ దగ్గర గ్లౌజులు వద్దు, పొడుగు చేతుల చొక్కా వద్దు, చక్ కీ (పీసుని పట్టుకునే చక్‌ని బిగించే తాళం) చక్‌లో పెట్టి చెయ్యి తియ్యొద్దు. చేతిలో చక్ కీ ఉన్నప్పుడు ఎవరైనా పిలిచినా, ముందు కీ తీసి పక్కన పెట్టి తర్వాతే పలకాలి.

హక్కుల_గొంతు:
మాస్టారూ మీలాంటివాళ్ల దగ్గరికే పంపితే నాకే అభ్యంతరం లేదు. నా భయం అంతా ఎవరూ వచ్చి చూడని చోట్ల గురించి. ఆరు వారాలంటే సరే, అదే నెలల తరబడి సాగి, పిల్లాడు పెద్దవాళ్లతో సమానంగా పని ఇస్తున్నప్పుడు డబ్బు ఇవ్వాలి. 2023లో అదే సంస్థ అప్రెంటిస్‌షిప్‌ల మీద 208వ సిఫార్సు చేసింది, రాతపూర్వక ఒప్పందం, తగిన వేతనం రెండూ అందులో ఉన్నాయి.

మ్యూనిక్_ట్రైనర్:
నేను జర్మనీలో ఒక ఫ్యాక్టరీలో మెకట్రానిక్స్ అప్రెంటిస్‌లకి నేర్పుతాను, ఇక్కడి పద్ధతి కాస్త చెప్తాను, మొత్తం ఎక్కడైనా పెట్టెయ్యొచ్చని కాదు, కొన్ని ముక్కలు పనికొస్తాయని. ఇక్కడ 1969లో వృత్తి శిక్షణ చట్టం వచ్చింది. పిల్లలు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు వృత్తి స్కూల్లో ఉంటారు, కోర్సుని బట్టి రెండేళ్ల నుంచి మూడున్నరేళ్లు. జీతం ఉంటుంది. 18 నిండనివాళ్లకి రోజుకి 8 గంటలు, వారానికి 40 గంటలు దాటకూడదని చట్టం.

నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి, నేర్పే మనిషికి పని వస్తే సరిపోదు, నేర్పడం వచ్చని కూడా పరీక్ష పాసవ్వాలి, నేను రాశాను. అందులో ఒక పనిని పిల్లాడికి నేర్పి చూపించాలి. నేను ఫటాఫట్ చేసి చూపించాను, అక్కడి ఎగ్జామినర్ "మీకు వచ్చని తెలుసు, ఆ అబ్బాయికి వచ్చిందా" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు. ముందు చేసి చూపించు, తర్వాత నెమ్మదిగా ఎందుకో చెప్తూ చేసి చూపించు, తర్వాత వాడిని చెయ్యనివ్వు, చేస్తూ వాడినే నోటితో చెప్పమను. నాలుగోదే అసలుది, అందరూ మొదటిదాని దగ్గర ఆగిపోతాం.

రెండోది రిపోర్టు పుస్తకం. ప్రతి అప్రెంటిస్ ఏం చేశాడో రాసుకోవాలి, ట్రైనర్ చూసి సంతకం పెట్టాలి, అది లేకపోతే ఫైనల్ పరీక్షకి కూర్చోనివ్వరు. ఆ పరీక్ష పెట్టేది కంపెనీ కాదు, ఛాంబర్, అంటే ఆ ప్రాంతపు పరిశ్రమలు, వ్యాపారాల సంఘం. కాబట్టి కంపెనీ ఏదో ఒకటి రాసిస్తే సరిపోదు.

కొత్త_వెల్డర్:
అన్నా డైరీ మాకూ ఉండేది కానీ నిజం చెప్పాలంటే అందరం చివరి రోజు కూర్చుని ఒకడిది చూసి ఒకడు రాసేవాళ్లం. "ఈ రోజు వెల్డింగ్ గురించి నేర్చుకున్నాను" అని నలభై పేజీలు. ఎవరూ చదివేవాళ్లు కాదు, సంతకం పెట్టేవాళ్లు.

కౌన్సెలింగ్_డైరీ:
తమ్ముడు చెప్పింది చాలా నిజం. ఎవరూ చదవని డైరీ ఎవరూ మనసు పెట్టి రాయరు. నేను పేజీని తగ్గించేశాను, రోజుకి మూడు ముక్కలే. ఈ రోజు నా చేత్తో చేసింది. ఈ రోజు తప్పు పోయింది, లేదా పోబోయింది. నాకు అర్థంకానిది ఒకటి. బొమ్మ గీసినా సరే. మూడోది కాపీ కొట్టడం కష్టం, ఇద్దరికి ఒకటే అనుమానం రాదు కదా. టీచరు వారానికోసారి ఆ మూడో ముక్కకి మాత్రం జవాబు రాయాలి, రెండు లైన్లు చాలు. జవాబు వస్తుందని తెలిస్తే ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

ఇక తిరిగొచ్చాక ఏం మాట్లాడాలని మేడమ్ అడిగారు. 1908లో బోస్టన్‌లో వృత్తి ఎంపిక కోసం మొదటి కేంద్రం పెట్టిన ఫ్రాంక్ పార్సన్స్ చెప్పింది ఇప్పటికీ నాకు దిక్సూచి. నీ గురించి నీకు తెలియాలి, పని గురించి తెలియాలి, ఆ రెండింటినీ కలిపి ఆలోచించడం రావాలి. పిల్లలు పనిచోట రెండోది కొంత తెచ్చుకుంటారు, మొదటిది కూడా కొంత. మూడోది మాత్రం వాళ్లంతట వాళ్లకి జరగదు, ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలి. నేను ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు కూర్చుంటాను. "నచ్చిందా" అని అడగను. "టైము తెలీకుండా గడిచిపోయిన పని ఏది, గడియారం చూస్తూ కూర్చున్న పని ఏది" అని అడుగుతాను. ఒకబ్బాయి ఆటోమొబైల్ వద్దన్నాడు, అడిగితే తేలింది వాడికి బండి విప్పడం ఇష్టమే, కస్టమర్‌తో మాట్లాడాలంటే గొంతు పెగలదు. లైన్ మార్చలేదు, మాట్లాడటం నేర్పాం.

మేడమ్, మీ టార్చి అబ్బాయిని ఇలా ఒకసారి కూర్చోబెట్టండి. వాడు ఎలక్ట్రికల్ వద్దంటున్నాడా, ఆ చోటు వద్దంటున్నాడా.

లండన్_తమ్ముడు:
ఇంగ్లండ్‌లో 2020 నుంచి టీ లెవెల్స్ అని వచ్చాయి, రెండేళ్ల వృత్తి కోర్సు, కనీసం 315 గంటలు ఇండస్ట్రీలో ఉండాలి, అంటే దాదాపు 45 రోజులు. నేను చూసినంతలో గంటలు లెక్కపెట్టడం తేలిక, అందుకే అందరూ గంటలే లెక్కపెడతారు. పంపిన చోట ఈ పిల్లాడు ఏం నేర్చుకోవాలో ముందే రాసుకున్న చోట్ల మాత్రం తేడా కనిపిస్తుంది.

ఎలక్ట్రికల్_మేడమ్:
అందరికీ పేరుపేరునా థాంక్స్. మూడు రోజులుగా మళ్లీ మళ్లీ చదువుతున్నాను. మాస్టారూ, మీరు "ఆఫీసుకి కాదు, షాప్ ఫ్లోర్‌కి" అన్నది చదివి సిగ్గుపడ్డాను, ఇన్నేళ్లలో నేను వెళ్లింది ఆఫీసులకే.

ఈసారి ఒక పేజీ కాగితం తయారుచేశాను, ఒక్కో చోటికి ఒకటి. పైన పిల్లాడికి ఇప్పటికే వచ్చిన పనులు, కింద ఆరు వారాల్లో నేర్చుకోవాల్సినవి ఐదే ఐదు, పక్కన ముట్టుకోకూడనివి, చివర్లో అక్కడ చూసుకునే మనిషి పేరు. పేరు రాయకపోతే పిల్లాడిని పంపను, అది గట్టిగా అనుకున్నాను. ముట్టుకోకూడనివాటిలో మొదటిది లైవ్ ప్యానెల్, అంటే కరెంటు ఉన్నది. సప్లై కట్ చేసినా సరే, ముందు టెస్టర్‌ని కరెంటు ఉందని తెలిసినచోట పెట్టి పనిచేస్తోందో లేదో చూడాలి, తర్వాత పనిచెయ్యాల్సిన చోట చూడాలి, మళ్లీ వెనక్కొచ్చి తెలిసినచోట చూడాలి. మూడోసారి చూడకపోతే మధ్యలో టెస్టరే పాడైపోయిందేమో తెలీదు కదా, లేదనుకున్న కరెంటు ఉండొచ్చు. పిల్లలతో ఇది రోజూ ల్యాబ్‌లో చేయిస్తున్నాను, కళ్లు మూసుకున్నా చెయ్యి అలాగే వెళ్లేదాకా.

టార్చి అబ్బాయితో కూర్చున్నాను. గడియారం ప్రశ్న అడిగాను. "రోజంతా గడియారమే చూశా మేడమ్, ఒక్కరోజు తప్ప" అన్నాడు. ఆ ఒక్కరోజు ఏంటని అడిగితే, మోటారు హమ్మింగ్ వస్తూ స్టార్ట్ అవ్వట్లేదట, వీడు వెనకనుంచి చూస్తూ ఒక ఫేజ్ పోయిందేమో అనుకున్నాడట, కానీ అడగడానికి భయమేసి ఊరుకున్నాడట. అరగంట తర్వాత వాళ్లు కనుక్కున్నది అదే, ఒక ఫ్యూజు పోయింది. ఆ మాట చెప్తున్నప్పుడు వాడి మొహం చూడాలి మీరు. లైన్ మార్చుకోవడం గురించి ఇప్పుడేం తేల్చొద్దు, ఇంకోచోట రెండు వారాలు చూద్దాం అన్నాను, సరే అన్నాడు.

ఒక_అమ్మ:
మేడమ్ చాలా సంతోషం. మా అమ్మాయి విషయం కూడా చెప్పాలి, సిస్టర్ గారు చెప్పినట్టే నేను వెళ్లి అడిగాను, ఒక సిస్టర్‌కి అప్పజెప్పారు. వారం అయింది. నిన్న ఇంటికొచ్చి నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తానంది, నిమిషం అయ్యాక "అమ్మా నీ శ్వాస 16" అంది. నేను అసలు గమనించలేదు అది లెక్కపెడుతోందని. కోర్సు మానేస్తానని మళ్లీ అనలేదు. పై చదువుల కాగితం కూడా స్కూల్లో అడిగాను, రాసిస్తామన్నారు, ఇంకా రాలేదు, మళ్లీ వెళ్తాను.

వార్డ్_సిస్టర్:
చాలా సంతోషం అక్కా. దాన్ని నాడి కూడా ఎంతుందో రాయమనండి, మణికట్టు పట్టుకుంది కదా, రెండూ రావాలి.

ఎలక్ట్రికల్_మేడమ్:
అప్‌డేట్. పిల్లలు వెళ్లి మూడు వారాలయింది. 24 మందిలో 22 మందినే పంపాను, ఇద్దరి విషయంలో ఎవరూ పేరు రాసివ్వలేదు, వాళ్లకి ల్యాబ్‌లోనే వేరే పని పెట్టి ఇంకో చోటు వెతుకుతున్నాను, పై నుంచి మాటొచ్చింది, పడ్డాను. నేను ఇప్పటికి తొమ్మిది చోట్లకి వెళ్లాను, షాప్ ఫ్లోర్‌కే. రెండుచోట్ల పరిస్థితి ఏం బాలేదు, పిల్లల్ని మళ్లీ మూల నిలబెట్టారు, కాగితం చూపించి మాట్లాడితే ఒకచోట మారింది, ఇంకోచోట మారకపోతే అబ్బాయిని వెనక్కి తీసుకొచ్చేశాను.

టార్చి అబ్బాయి ఇప్పుడు ప్యానెల్ చేసేచోట ఉన్నాడు. నిన్న డైరీ చూశాను. మొదటి ముక్క, పన్నెండు టెర్మినల్స్‌కి ఫెర్రూల్స్ (వైరు చివర తొడిగే నంబరు గొట్టాలు) వేశాను. రెండోది, రెండింటి నంబర్లు తారుమారు చేశాను, కంటిన్యుటీ (వైరు ఈ చివర్నుంచి ఆ చివరికి సరిగ్గా కలిసిందా అని) చూసేటప్పుడు దొరికింది, మార్చాను. మూడో ముక్కలో ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది) బొమ్మ గీసి కింద రాశాడు, "చల్లారకముందే రీసెట్ నొక్కితే రిలే ఎందుకు రీసెట్ అవ్వదు? వాళ్లని అడిగాను, రేపు చెప్పు అన్నారు."

కొత్త_వెల్డర్:
"రేపు చెప్పు" అన్నారా 😊 మేడమ్ మంచి చోటికి పంపారు.

లేత్_మాస్టారు:
రిలే లోపల బైమెటల్ పట్టీ, అంటే రెండు లోహాలు అతికించిన పట్టీ, ఉంటుంది అని మాత్రం చెప్పండి మేడమ్, మిగతాది వాడినే కనుక్కోనివ్వండి. వచ్చే వారం ఆ పేజీలో ఏం రాశాడో ఇక్కడ పెట్టండి.